పెరటి ప్రశ్నలు: బిర్యానీ ఆకు చెట్టు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చెట్టు గురించి ఉన్నాయి. పోయిన ఏడాది తొలకరికి మన వైపు నర్సరీల్లో బిర్యానీ ఆకు మొక్కలు బాగానే అమ్ముడైనట్టున్నాయి. ఎండాకాలం గడిచేసరికి వాటి గతి ఏమైందో ఈ ఉత్తరాలే చెబుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ చెట్టుకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక గృహిణి): పోయిన మృగశిర కార్తెలో మూడడుగుల బిర్యానీ ఆకు మొక్క తెచ్చి ఇంటి వెనక ప్రహరీ పక్కన నాటాము. దీపావళి దాకా ఎర్రటి చిగుళ్లు వేస్తూ ముచ్చటగా పెరిగింది. మార్చి నుంచి ముదురాకుల కొనలు మాడిపోతున్నాయి. కొత్తగా వచ్చే ఆకులేమో తెల్లబారి, ఈనెలు మాత్రమే పచ్చగా కనిపిస్తున్నాయి. పొద్దున, సాయంత్రం బోరు నీళ్లు పోస్తున్నాము. వంటింట్లోని ఆర్వో మిషను వదిలే నీళ్లు వృథా కావడం ఎందుకని వాటిని కూడా పాదులోకే మళ్లించాము. నల్లగొండ ఎండకు ఈ చెట్టు బతకదని అందరూ అంటున్నారు. తీసేయమంటారా?

జవాబు: చెట్టును తీసేయవద్దు, ఆ మిషను గొట్టాన్ని మాత్రం ఈ రోజే పాదులోంచి తీసేయండి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి, రెండూ నీటి నుంచి వచ్చినవే. ఎండ పాత్ర లేదని అనను గాని, మీరు చెప్పిన లక్షణాల్లో ఎండదెబ్బ గుర్తు ఒక్కటీ లేదు. ఎండదెబ్బ తగిలిన ఆకు పడమటి వైపు కొమ్మల మీద, ఆకు నడుమ భాగంలో, ఎండిన కాగితంలా పెళుసుగా మాడుతుంది. మీ మొక్కకు కొనలు మాడుతున్నాయి. వేరు పీల్చిన నీటితో పాటు ఉప్పు కూడా ఆకు చివరి దాకా ప్రయాణిస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. పాత ఆకులో ఎక్కువ రోజుల ఉప్పు చేరి ఉంటుంది కనుక ముందు ముదురాకే మాడుతుంది.

రెండో జబ్బు లేతాకుది. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోవడం ఇనుము అందడం లేదనడానికి గుర్తు. బత్తాయి తోటలున్న మీ జిల్లా రైతుల్లో ఎవరిని అడిగినా ఈ పసుపు గురించి చెబుతారు. మన ఎర్రచల్కా ఎర్రగా ఉండటానికి కారణమే ఇనుము. అయినా నేలలో గాని నీటిలో గాని సున్నమూ బైకార్బొనేట్లూ ఎక్కువగా ఉంటే ఆ ఇనుము కరగని రూపంలోకి మారి, వేరు పక్కనే ఉండి కూడా వేరుకు చిక్కదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో బైకార్బొనేట్లు కూడా సాధారణంగా ఎక్కువే ఉంటాయి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధనా సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిందంటే, మీ బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మనుషుల కోసం ఆ నీటిని మిషనులో వేసి శుద్ధి చేసుకుంటున్నాం. ఆ మిషను ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది, మంచినీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వదిలిన నీటిలోనే చిక్కబడి ఉంటాయి. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి ఆ నీళ్లు వాడుకోవచ్చు. పాదుకు మాత్రం పనికిరావు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. పాదులో పైన తెల్లగా పొరకట్టిన మట్టిని రెండంగుళాల మందాన గోకి తీసేసి, దాని స్థానంలో బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. తొలి వానలు గట్టిగా పడ్డ రెండు మూడు సార్లు డాబా నీళ్లు నేరుగా పాదులోకి పారేలా చేయండి; లోపల చేరిన ఉప్పు కిందికి కడుక్కుపోవడానికి ఇంతకు మించిన మార్గం లేదు. అయితే నీరు గంటలోపు ఇంకిపోవాలి. నిలబడితే వేరు కుళ్లుతుంది. లేతాకుల పసుపుకు లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. కలిపిన మందును అప్పటికప్పుడే వాడాలి. నిలవ ఉంటే తుప్పు రంగుకు తిరుగుతుంది, అప్పుడు చల్లినా ఫలితం ఉండదు. ఆ మరకలు గోడకూ బట్టకూ పడితే వదలవు, పాత చీర కట్టుకుని చల్లండి. పిచికారీ చేసిన మూడు వారాల వరకు ఆకును వంటకు కోయవద్దు. మాడిన కొనలు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి నిరాశపడకండి. వానాకాలంలో వచ్చే కొత్త చిగురు ఏ రంగులో ఉందో చూడండి.

ఇక ఎండ సంగతి. మన నర్సరీల్లో బిర్యానీ ఆకు పేరుతో ఎక్కువగా అమ్మేది దాల్చిన చెట్టే; దాని పుట్టిల్లు శ్రీలంక, మన పడమటి కనుమలు. అక్కడ ఏడాదికి 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది, నేల కాస్త ఆమ్ల గుణం కలది. నల్లగొండలో వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మేలో 44, 45 డిగ్రీల ఎండ, దానికి తోడు పడమటి వడగాడ్పు. అందువల్ల మన దగ్గర ఈ చెట్టుకు తప్పనిసరిగా చాటు కావాలి. పొద్దున్నుంచి పదకొండు, పన్నెండు గంటల దాకా ఎండ తగిలి, ఆ తర్వాత ఇంటి నీడ పడే తూర్పు వైపు స్థలం దీనికి అన్నిటికన్నా మేలైనది. ప్రహరీ పక్కన నాటామన్నారు గాని, ప్రహరీకి ఏ పక్కనో రాయలేదు. గోడ చెట్టుకు పడమట ఉంటే మీ అదృష్టం. చెట్టుకు తూర్పున ఉంటే మాత్రం మధ్యాహ్నమంతా ఎండను తాగిన ఆ గోడ రాత్రంతా సెగను చెట్టు మీదికి కక్కుతూ ఉంటుంది. మే నెలలో రాత్రి ఎనిమిది గంటలకు గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి; చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ గోడకు నాలుగడుగుల లోపల ఈ చెట్టు సుఖంగా ఉండదు. అంతమాత్రాన చెట్టును తవ్వి మార్చనక్కరలేదు. పడమటి పక్క ఒక మునగ కొమ్మ పాతండి, రెండో ఏటికి అది పలచటి నీడనిస్తుంది. అప్పటిదాకా మార్చి నడుమ నుంచి మృగశిర దాకా నాలుగు కర్రలు పాతి ఆకుపచ్చ నెట్‌ గాని, పాత నూలు చీర గాని పడమటి వైపు కట్టండి. పైన కప్పడం కన్నా పక్క నుంచి గాలిని ఆపడం ముఖ్యం.

రోజూ రెండు పూటలా చెంబుతో పోసే నీళ్లు పైపైన తడిపి ఉప్పును పైనే వదిలేస్తాయి. నాలుగు రోజులకు ఒకసారి 15 లీటర్ల చొప్పున నిదానంగా, లోతుకు దిగేలా పోయండి. ఆ నీళ్లు వాన నీళ్లయితే మీ కష్టాల్లో ముప్పాతిక తీరినట్టే. లెక్క వేసి చూడండి: పది చదరపు మీటర్ల డాబా మీద 700 మిల్లీమీటర్ల వాన పడితే 7,000 లీటర్లు. మార్చి నుంచి మృగశిర దాకా వంద రోజులకు, నాలుగు రోజులకొక తడి చొప్పున ఇరవై అయిదు తడులు, అంటే 375 లీటర్లు. ఆఖరి వానలకు 500 లీటర్ల ట్యాంకు నింపి, దోమలు చేరకుండా మూత బిగించి నీడన ఉంచితే ఆ ఒక్క చెట్టు ఎండాకాలం దాటుతుంది. పాదులో మూడు నాలుగంగుళాల మందాన ఎండుటాకులు గాని వేరుశనగ పొట్టు గాని పరవండి, మొదలుకు జానెడు ఎడం వదిలి. చల్కా నేలలో ఇలా పరిస్తే చెదలు వస్తాయి. అడుగున గుప్పెడు వేపపిండి చల్లితే వాటి బెడద తగ్గుతుంది.

ఒక మాట నా అనుభవం నుంచి. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పెరట్లో నేను పెట్టిన మొదటి మొక్క రెండో ఎండాకాలంలో చచ్చిపోయింది. ఎండ మీదే నెపం పెట్టి ఊరుకునేవాణ్ణి గాని, ఎందుకో గుంత తవ్వి చూశాను. అడుగు లోతు దాకా నేను పోసిన మంచి మట్టి ఉంది. దాని కింద ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు పూడ్చిన ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, సున్నం పెళ్లలు. వేర్లన్నీ అక్కడిదాకా దిగి, ఆ పొర తగలగానే కుండీలో పెరిగినట్టు గుండ్రంగా తిరిగి పైకి వచ్చాయి. కొత్త ఇళ్ల పెరళ్లలో నూటికి తొంభై చోట్ల ఇదే పరిస్థితి ఉంటుందని నా నమ్మకం. కొత్తగా నాటేవారు రెండడుగుల గుంత తవ్వి, అడుగు మట్టి గుప్పెడు తీసి దాని మీద నిమ్మకాయ పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. ఆ మట్టిని పూర్తిగా తీసేసి, చెరువు పక్క ఎర్రమట్టి, చివికిన ఆకు ఎరువు కలిపి నింపండి.

ప్రశ్న (జడ్చర్ల నుంచి ఒక ఉపాధ్యాయుడు): నర్సరీ అతను ఆకు బిర్యానీకి, బెరడు దాల్చిన చెక్కకు పనికివస్తుందని ఒకే మొక్కను చూపించాడు. మోసమా? నిజంగా ఒకే చెట్టు రెండూ ఇస్తుందా?

జవాబు: మోసమని అనలేను. బజారులో మనం కొనే అసలైన బిర్యానీ ఆకు, అంటే ఆకుపత్రి, హిమాలయాల పాదాల దగ్గరా మేఘాలయ కొండల్లోనూ పెరిగే సిన్నమోమమ్ తమాల అనే చెట్టుది. దాల్చిన చెక్క దాని దాయాది సిన్నమోమమ్ వీరమ్‌ది. నేను చూసినంతలో మన నర్సరీల్లో బిర్యానీ ఆకు పేరుతో అమ్మేది ఎక్కువగా ఈ రెండోదే. రెండింటి ఆకు మీదా మొదలు నుంచి కొన దాకా మూడు ఈనెలు పొడవునా సాగి ఉంటాయి, కనుక చూపుతో తేల్చడం కష్టం. ఆకు నలిపి వాసన చూడండి. దాల్చిన చెట్టు ఆకులో యూజినాల్ అనే నూనె ఎక్కువ, అందువల్ల లవంగం వాసన ముందుగా తగులుతుంది. అదే చెట్టు బెరడులో సిన్నమాల్డిహైడ్ ఉంటుంది, అది దాల్చిన వాసన. వేరు బెరడులోనైతే కర్పూరం ఉంటుంది. ఒకే చెట్టులో మూడు వాసనలున్న ఈ విడ్డూరాన్ని మీ పిల్లలకు తరగతిలో చూపించవచ్చు, వేరు జోలికి పోకుండా. దాల్చిన ఆకును అన్నంలో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఘాటు కొంచెం వేరుగా ఉంటుందంతే.

చెక్క కావాలనుకుంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. మొక్క మొదలు కుదురుకున్నాక వానాకాలంలో ప్రధాన కాండాన్ని నేలకు జానెడు ఎత్తున కోసేస్తే పక్క నుంచి అయిదారు పిలకలు లేస్తాయి. అవి బొటనవేలంత లావై, పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగాక, మళ్లీ వానల్లో, ఎర్రటి చిగురు ముదిరి పచ్చబడిన తరుణంలో కోయాలి. అప్పుడు చెక్కకూ బెరడుకూ మధ్య రసం ఆడుతుంది. పైపొట్టును చాకుతో గీకి, పొడవునా ఒక గాటు పెట్టి, చాకు మొన కింద దూర్చి లేపితే బెరడు అరటి పట్టలా ఊడివస్తుంది. వేసవిలో ప్రయత్నిస్తే ముక్కలుముక్కలుగా రాలుతుంది తప్ప పట్టగా రాదు. నీడన ఆరబెడితే దానంతట అదే చుట్టుకుంటుంది. కాగితంలా పలచగా, చుట్టలో చుట్టగా ఉంటుంది కాబట్టి ఇది మన చెక్కేనా అని అనుమానపడతారు. కిరాణా కొట్టులో దొరికే మందపాటి చెక్క చాలా వరకు చైనా, వియత్నాంల నుంచి వచ్చే కేసియా అనే మరో దాయాదిది. ఒక్క చెట్టు నుంచి వచ్చే చెక్క ఇంటి టీకి సరిపోతుంది, అమ్మకానికి కాదు. కోళిక్కోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ విడుదల చేసిన నవశ్రీ, నిత్యశ్రీ రకాల మొక్కలు దొరికితే చెక్క కోసం అవే తెచ్చుకోండి.

ఎక్కడ కొన్నా ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గరికి లారీల్లో వచ్చే మొక్కలు చాలావరకు కడియం వైపు నర్సరీల్లో, గోదావరి తేమలో పెరిగినవి. తేగానే ఎండలో నాటకుండా, సంచితో సహా పది పదిహేను రోజులు చెట్టు నీడన ఉంచి తర్వాత నాటండి. సంచిలోని బంకమట్టి ముద్దను నీళ్లలో కాసేపు నానబెట్టి అంచులు సడలించకపోతే, ఆ ముద్ద చుట్టూ చల్కా మట్టి ఎంత తడిసినా లోపల వేరు ఎండిపోతుంది.

ప్రశ్న (వనపర్తి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి): ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో దక్షిణపు గోడ పక్కన తొట్టిలో ‘బే’ అనే సుగంధపు చెట్టు ఉంది. ఆకు మన బిర్యానీ ఆకు పనే చేస్తుంది. వచ్చేటప్పుడు ఒక కొమ్మ గాని, గింజలు గాని తెమ్మనవచ్చా?

జవాబు: తెమ్మనవద్దు. విదేశాల నుంచి మొక్కలు, నాటే గింజలు తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కకు జబ్బు లేదని అక్కడివారు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. సూట్‌కేసులో పెట్టుకొచ్చే వస్తువు కాదు.

చెట్టు సంగతికి వస్తే, అది లారస్ నోబిలిస్, మధ్యధరా సముద్ర తీరపు చెట్టు. దాని ఆకుకు నడుమ ఒకే ఈనె, దాని నుంచి పక్కలకు చీలే చిన్న ఈనెలు ఉంటాయి. మన ఆకుకు మూడు. మీ అమ్మాయి దాన్ని దక్షిణపు గోడ పక్కన ఎందుకు పెట్టిందంటే, ఆ దేశంలో ఎండ దక్షిణం నుంచే వస్తుంది, చలికాలంలో మంచూ చలిగాలీ ఆకును మాడుస్తాయి, గోడ సెగ చెట్టును కాపాడుతుంది. అక్కడ కాపాడే గోడే ఇక్కడ శత్రువు. ఈ తేడా గుర్తులేక విదేశీ వీడియోలు చూసి ‘వెచ్చటి గోడ పక్కన నాటండి’ అన్న సలహాను వనపర్తిలో పాటించినవారి ఉత్తరాలు నా దగ్గర రెండు ఉన్నాయి. ఆ చెట్టు సున్నపు నేలను మన దాల్చిన కన్నా బాగా ఓర్చుకుంటుంది గాని, ఇంత వేడిలో చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఎవరైనా ఆసక్తితో ఇక్కడి నర్సరీలో కొంటే తొట్టిలో పెట్టుకుని, ఎండాకాలం వసారాలోకి జరపండి. లారెల్ అని పేరున్న ప్రతి చెట్టు ఆకూ తినదగింది కాదు, కొన్ని విషం; ఒకటే ఈనె ఉన్న ఆకును పేరు కచ్చితంగా తెలియకుండా వంటలో వేయవద్దు.

ప్రశ్న (నకిరేకల్): మా ఇంట్లో పొద్దుటెండ, మధ్యాహ్నపు నీడ ఉండే చోటు ఒక్క ఈశాన్యమే. అక్కడ పెద్ద చెట్టు పెట్టకూడదని పెద్దలంటున్నారు.

జవాబు: అడవిలో ఇది ముప్పై, నలభై అడుగులు పెరిగినా, పెరట్లో ఏటా కోస్తూ ఆరేడడుగుల పొద లాగా ఉంచుకోవచ్చు, ఆకు కోసం అదే వీలు కూడా. ఈశాన్యంలో తులసి కోటకు, మల్లెపందిరికి అడ్డు చెప్పని పెద్దలు ఆరడుగుల పొదకు ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే తూర్పు గోడ వెంట ఆగ్నేయం వైపు నాలుగడుగులు జరపండి, చెట్టుకు ఏ నష్టమూ లేదు. సంపుకు, డ్రైనేజీ గుంతకు ఆరడుగుల దూరం ఉంచండి.

ప్రశ్న (అచ్చంపేట): గింజలు దాచి ఎండాకాలం తర్వాత వేశాము, ఒక్కటీ మొలవలేదు. చిగుళ్లను కూడా ఏదో పురుగు రాత్రికి రాత్రి తినేస్తోంది.

జవాబు: దాల్చిన గింజను దాచకూడదు. నల్లగా పండిన కాయ గుజ్జు కడిగి వెంటనే వేస్తే మూడు వారాల్లోపే మొలుస్తుంది; ఎండబెడితే కొద్ది రోజుల్లోనే మొలిచే శక్తి పోతుంది. వానాకాలంలో గూటి అంటు కట్టుకోవడం, అంటే కొమ్మకు చెట్టు మీదే వేరు పుట్టించడం, మరో దారి. చిగురు తినేది ఒక సీతాకోకచిలుక పురుగు, దాల్చిన జాతి లేతాకులంటే దానికి ప్రాణం. నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలతో కనిపిస్తుంది. పొద్దున్నే ఆకుల అడుగున వెతికి చేత్తో ఏరేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి చల్లండి. తినే ఆకు కనుక ఘాటు మందుల జోలికి పోవద్దు.

ప్రశ్న (మునుగోడు): మా బోరు నీళ్లు కాగబెడితే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. రేకుల ఇల్లు, వాన నీళ్లు పట్టుకునే వీలు లేదు. అయినా ఇంటి ముందు ఏడాది పొడవునా పచ్చగా, సువాసనగా ఉండే చెట్టు కావాలి.

జవాబు: రేకుల మీద పడిన వాన డాబా మీద కన్నా శుభ్రంగా దిగుతుంది, చూరు కింద తగరపు కాలువ ఒకటి కట్టి డ్రమ్ములోకి వదలగలరేమో ముందు చూడండి. నిజంగా వీలు లేకపోతే ఈ చెట్టు మీద ఆశ పెట్టుకోవద్దు, పొగడ పెట్టుకోండి. అది ఎప్పుడూ ఆకు రాల్చి బోసిపోదు, మన ఎండకు చాటు అడగదు, ఉప్పు నీటిని దాల్చిన కన్నా చాలా బాగా ఓర్చుకుంటుంది. సువాసన ఆకులో కాదు, పువ్వులో. రాత్రి రాలిన చిన్న చిన్న నక్షత్రాల్లాంటి పూలను పొద్దున పిల్లలు దారానికి గుచ్చుకుంటారు. ఎండి గోధుమ రంగుకు తిరిగిన దండ పెట్టెలో బట్టల మధ్య పెట్టినా వాసన చాలా రోజులు నిలుస్తుంది. ఎదుగుదల నెమ్మది, పూత రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ వానలకు నాటి, రెండు ఎండాకాలాలు వారానికొకసారి నీళ్లు పోసి, మేకలు ముట్టకుండా చుట్టూ ముళ్లకంప కట్టండి.